గంప దించి సెప్పు

అనగా అనగా, అలలకు తప్ప ఎవరికీ గుర్తులేనంత కాలం కిందట, సముద్రం ఒడ్డున తాటాకు గుడిసెల పేట ఒకటి ఉండేది. ఆ పేటలో అసిరమ్మ అని, చేపలమ్ముకునే మనిషి. తెల్లారగానే ఒడ్డుకెళ్లి గంప నింపుకునేది, ఊళ్లంట తిరిగి అమ్ముకొచ్చేది. గంపలో చేపలు, నోట్లో కబుర్లు. రెండూ తాజాగా ఉంటేనే కదా ఎవరైనా పిలిచేది.

చేపల గంపకు ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్లు పిలిచి చెయ్యి వేస్తేనే అది కిందికి దిగుతుంది. అంతవరకూ నెత్తిమీదే. అందుకని అసిరమ్మ కబుర్లన్నీ నడుస్తూ అరిచి చెప్పేవే. నడిచేకొద్దీ కబురు పెరిగేది. మొదటి వీధిలో కుక్క కరిస్తే, చివరి వీధికి తోడేలు కరిచేది. మొదటి వీధిలో మాటామాటా అనుకుంటే, చివరి వీధికి తలలు పగిలేవి. మొదటి వీధిలో జల్లు పడితే, చివరి వీధికి ఊరే కొట్టుకుపోయేది.

"ఏటే అసిరీ, ఈయేల ఎవుల్ని ముంచినావే?" అని ఆడవాళ్లు నవ్వేవారు. నవ్వుతూనే చేపలు కొనేవారు.

ఒకనాడు ఈదురుగాలి లేచింది. వేటకెళ్లిన తెప్పలన్నీ వెనక్కి వచ్చాయి. ఎర్రన్న తెప్ప ఒక్కటే రాలేదు. పొద్దెక్కాక అది బోర్లాపడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి లేడు.

అసిరమ్మ కళ్లు చూసింది బోర్లాపడ్డ తెప్పను మాత్రమే. కాళ్లు మాత్రం అప్పుడే పేటలోకి పరిగెత్తాయి.

"ఓలమ్మా! ఎర్రన్న సచ్చిపోనాడే! ఎర్రన్నని గంగమ్మ మింగేసిందే!"

ఎర్రన్న తల్లి బంగారమ్మ గుమ్మంలో కూచుని వల చిక్కు తీస్తోంది. ఒక్కగానొక్క కొడుకు. "నా బాబు" అన్నది, అంతే. ఆ వలమీదికే ఒరిగిపోయింది. నీళ్లు చల్లారు, కదల్లేదు. పిలిచారు, పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు, ఊపిరి లేదు.

మధ్యాహ్నం తిరిగేసరికి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వుతున్నారు. అసిరమ్మ అక్కడే కొయ్యలా నిలబడి ఉంది. గంప ఇంకా నెత్తిమీదే ఉంది. చేపలు ఎండకు కుళ్లి నీరు కారుతున్నాయి. ఆ నీరు చెంపల మీదుగా దిగుతున్నా ఆమెకు తెలియడం లేదు.

అప్పుడు ఒడ్డు వెంట ఒక మనిషి నడిచి వచ్చాడు. ఒళ్లంతా ఉప్పు తేలి తెల్లగా ఉన్నాడు. పై పేట దగ్గర ఈది గట్టెక్కిన ఎర్రన్న.

"ఎవులికర్రా ఆ గుంట?" అన్నాడు.

తవ్వేవాడి చేతిలోంచి పార జారింది. ఎర్రన్న గుంట పక్కన పడుకోబెట్టిన తల్లిని చూశాడు. ముందు ఏడవలేదు. జరిగింది ఎవరో గొణిగితే విని, అసిరమ్మ వైపు తిరిగాడు.

"నా సావు నువ్వు సూసినావా అత్తా?"

"సూడనేదు బాబూ."

"పోనీ, ఎవులైనా సూసి నీకు సెప్పినారా?"

"ఎవులూ సెప్పనేదు."

"మరి మాయమ్మకేటి సెప్పినావు అత్తా?"

ఎవరూ చెయ్యి వేయకుండానే, అసిరమ్మ తన గంప తనే దించుకుంది.

ఆ కుళ్లిన చేపల్ని సముద్రానికే ఇచ్చేసి, మోకాటిలోతు నీళ్లలో నిలబడి దండం పెట్టింది. "తల్లీ గంగమ్మా, ఇకమీదట గంప దించకండా కబురు సెప్పను. సూసింది సూసినాననే సెప్తాను. ఇన్నది ఇన్నాననే సెప్తాను. తెలీనిది తెలీదనే సెప్తాను."

అప్పట్నించి అంతే. గంప దించేది, ఊపిరి తీసుకునేది, "సూసింది ఇది, ఇన్నది ఇది, తెలీనిది ఇది" అనేది. జనం మొహాలు మాడ్చుకున్నారు. "నీ కబుర్లు ఉప్పు నేని పులుసైపోనాయే" అని ఎకసెక్కం చేశారు. చేపలు మిగిలిపోయేవి. మిగిలినవి ఎండబెట్టుకునేది.

మరో గాలివానకు ఇద్దరు మనుషులు రాలేదు. పేటపెద్ద తొందరపడ్డాడు. "ఇంకా ఆశేటి? ఆళ్ల పెళ్లాల గాజులు తీయించీండి" అన్నాడు. అసిరమ్మ గంప దించి అడ్డం నిలబడింది. "సూసింది, ఇరిగిన తెడ్డు. ఇన్నది, ఏటీ నేదు. తెలీనిది, ఆళ్ల ప్రాణం. తెలీనిదాన్ని సావని పిలవకండి పెద్దా." బంగారమ్మ గుర్తొచ్చి అందరూ ఆగారు. ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చాడు. ఒకడు రాలేదు. ఆ రానివాడి పెళ్లాం కూడా అసిరమ్మ కాళ్లకు మొక్కింది.

ఏళ్లు గడిచాయి. ఒక పొద్దున అసిరమ్మ పై ఊరికి ఒడ్డు వెంట పోతోంది. నీటి అంచున ఎవరో బోర్లా పడి ఉన్నారు. తిప్పి చూసింది. రాత్రి వేటకెళ్లిన తన కొడుకు కాసులు.

ఊపిరి ఉందేమోనని చాలాసేపు తడిమింది. పైటచెంగు చించి మొహాన కప్పింది. మళ్లీ గంప ఎత్తుకుంది. కబురు మోసేది ఆ పేటకు ఆమే కదా.

దారిలో పేటపెద్ద ఎదురై, విని, నెత్తి కొట్టుకున్నాడు. "కోడలికి ఒక్కపాలిగా సెప్పకే అసిరీ. కాసులుకి ఒంట్లో బాగోనేదని సెప్పు. మెల్లిగా తెలుస్తాది" అన్నాడు.

"అబద్దానికి ఒకపాలి సావాల, నిజానికి ఒకపాలి సావాలా అది? ఒద్దు పెద్దా" అంది.

కోడలు దాలమ్మ ఇసుకమీద చేపలు ఎండబెడుతోంది. అత్త ఈవేళప్పుడు రావడం చూసి లేచి నిలబడింది. గంప దిగితే కబురు ఉన్నట్టు. అసిరమ్మ చేతులు గంప అంచు దాకా వెళ్లాయి. దించలేకపోయాయి.

దాలమ్మకు అర్థమైంది. వచ్చి తనే చెయ్యి వేసింది.

"గంప దించి సెప్పత్తా" అంది.

ఇద్దరూ కలిసి దించారు.

"సూసింది, నా కొడుకు సచ్చిపోయి ఒడ్డున పడున్నాడే అమ్మా. ఈ సేతుల్తో తడిమినాను. ఇన్నది, ఏటీ నేదు. తెలీనిది..." అసిరమ్మ సముద్రం వైపు చూసింది. "తెలీనిది, గంగమ్మ ఎందుకిలా సేసిందో."

అప్పుడు అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

తరవాత కొన్నాళ్లకు అసిరమ్మా పోయింది. ఆ కబురు దాలమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, ప్రతి గుమ్మంలోనూ అత్త గంప దించి.

ఇప్పటికీ ఆ ఒడ్డు పేటల్లో గంగమ్మ పండగ నాడు తల్లి ముందు ఒక ఖాళీ గంప పెడతారు. ఎవరైనా ఆయాసపడుతూ కబురు మోసుకొస్తే, నెత్తిన ఏమీ లేకపోయినా, చేతిలో ఫోను మాత్రమే ఉన్నా, ముసలమ్మలు చెయ్యి ఎత్తి ఆపుతారు. "గంప దించి సెప్పు" అంటారు. ఆ మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. చూసిందేదో, విన్నదేదో వేరుచేసుకుంటాడు.

ఇది చూసిన కథ కాదు. పెద్దలు చెప్పగా విన్నది. అసిరమ్మ ఏ ఇసుక కింద పడుకుందో, అది తెలియనిది.