చిటికెడు మాంగనీసు ఉప్పు

హైమవతి ల్యాబులో ఏడవడం మానేసి ఏడాదైంది. ఏడ్చే ఓపిక కూడా అయిపోయిందనుకోండి.

జింకు బ్యాటరీకి కొత్త కాథోడ్ చేస్తానని ఆరేళ్ల కిందట పీహెచ్‌డీకి వచ్చింది. మాంగనీసుతో ఓ నల్లటి పొడి తయారు చేసింది. కరెంటు పారే కార్బన్ కాగితానికి ఆ పొడి పూసి, గడియారంలో వేసే బిళ్లంత సెల్లులు కట్టేది. నలభైసార్లు ఛార్జి ఎక్కించి దించేసరికి పొడిలోని మాంగనీసు సెల్లులోని ద్రావణంలోకి కరిగిపోయేది, సెల్లు చచ్చేది. అలా మూడొందలు చచ్చాయి. పాళ్లు మార్చింది, కొలిమి మార్చింది, మొక్కే దేవుణ్ణి కూడా మార్చింది.

చివరికి దింపుడుకళ్లం ఆశతో, ఈ రంగంలో అందరూ చేసేదే తనూ చేసింది. ద్రావణంలో ముందే చిటికెడు మాంగనీసు ఉప్పు కలిపింది. సెల్లు వెయ్యిసార్లు నిలిచింది.

థీసిస్ పట్టుకుని గైడు సన్యాసిరావు సారు గదికి పరుగెత్తింది. నెలాఖరుకి గడువు. ఇక పొడిగింపు లేదని ఆఫీసువాళ్లు చెప్పేశారు.

"నా పొడి గెలిచింది సార్. సంతకం పెట్టండి."

సారు కాగితాలు తెరవలేదు. ల్యాబుకి వెళ్లి, ఆమె ద్రావణంతోనే తన చేత్తో ఒక సెల్లు కట్టి, ఆమె సెల్లు పక్కనే టెస్టర్‌కి తగిలించారు.

"పది రోజులు ఆగమ్మా."

గడువు ముంచుకొస్తుంటే ఈయనకి పరీక్షలేమిటని లోపల తిట్టుకుంది. గురువుగారు కదా, పైకి తలూపింది.

పదకొండో రోజు ఇద్దరూ కంప్యూటర్ ముందు నిలబడ్డారు. తెర మీద రెండు సెల్లుల గీతలూ ఒకదాన్నొకటి ఆనుకుని పోతున్నాయి. హైమవతి మొహం వెలిగిపోయింది.

"మీరు కట్టినా అంతే వచ్చింది సార్! ఇంక అనుమానం ఏముంది?"

"నేను నీ పొడి పూయలేదమ్మా. ఉత్త కాగితమే పెట్టాను."

అర్థం కావడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. ఉప్పులోని మాంగనీసే వచ్చి కాగితం మీద పేరుకుంటోంది. ఛార్జి మోస్తున్నది అదే. పొడి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆరేళ్లూ బూడిదలో పోసిన పన్నీరు.

స్టూలు మీద కూలబడింది.

"అందరూ ఈ ఉప్పు కలుపుతారు కదా సార్. మీ థీసిస్‌లో మీరూ కలిపారు. మరి మీరప్పుడు ఇలా ఖాళీ సెల్లు కట్టి చూడలేదా?"

సన్యాసిరావు సారు తను కట్టిన సెల్లును టెస్టర్ నుంచి ఊడదీశారు.

"పదకొండేళ్లుగా ధైర్యం చాలలేదమ్మా," అన్నారు. "నేనూ ఇవాళే చూస్తున్నాను."