కాళ్లున్న నేల

“పద్నాలుగు లోకాల్లో నాకు సాటి తాపీమేస్త్రి లేడు ప్రభూ! మిగతా పదమూడూ నేను చూళ్లేదనుకోండి,” అన్నాడు గవరయ్య. రాజుగారి కొలువుకూటంలో నేలంతా జానెడుకు అటూ ఇటూగా ఉన్న పొట్టీ పొడుగూ రాతికాళ్ల మీద పింగాణీ పలకలు పరిచి, కింద బోలుగా వదిలేశాడతను.

“ఈ సందులో శత్రువులు దాక్కుంటారు. వీడి తల తీయించండి!” అన్నాడు మంత్రి.

గవరయ్య ఓ పలక ఎత్తి, “మంత్రిగారూ, తమరోసారి దాక్కుని చూపించండి. పూర్తిగా దూరగలిగితే నా తల ఇస్తాను,” అన్నాడు.

మంత్రి పంతంగా తలా భుజాలూ దూర్చి, బొజ్జ దగ్గర ఇరుక్కుపోయాడు. గవరయ్య పక్క పలక కూడా ఎత్తేసి, ఆయన్ను ముల్లంగిలా పైకి లాగాడు. “మామూలు నేలైతే గునపంతో తవ్వాల్సొచ్చేది ప్రభూ!”

రాజు పగలబడి నవ్వాడు. “నీ తల నీకే వదిలేశాను గానీ, ఇందుకేనా బోలుగా కట్టావు?”

గవరయ్య ఆ తలే గోక్కున్నాడు. “లేదు ప్రభూ. కింద నేల చదును చెయ్యడం నాకు చేతకాలేదు.”