బురదకు గొంతు వచ్చిన రోజు

ఒకప్పుడు బురదకు పట్టూ లేదు, గొంతూ లేదు. ఎంత లోతు బురదలో కాలు పెట్టినా మజ్జిగలో పెట్టినట్టే ఉండేది. ఇట్టే దిగేది, ఇట్టే బయటికొచ్చేది. చిన్న చప్పుడైనా అయ్యేది కాదు.

ఆ రోజుల్లో కొల్లేటి లంకలో నాంచారయ్య అని ఒక బాతుల వేటగాడు ఉండేవాడు. వేట అంటే విల్లూ బాణమూ అనుకునేరు! అతని ఆయుధమల్లా ఒక పాత కుండ. దానికి రెండు కన్నాలు పెట్టి, నెత్తిన బోర్లించుకుని, మెడ దాకా నీళ్లలో మునిగి మెల్లగా నడిచేవాడు. పరజలనే అడవి బాతులు 'ఏదో కుండ కొట్టుకొస్తోందిలే' అనుకుని పక్కకైనా జరిగేవి కావు. నాంచారయ్య నీళ్ల కింద నుంచి ఒకదాని కాళ్లు పట్టి లటుక్కున లాగి, వెనక తేలుతున్న మూతబుట్టలో వేసేవాడు. పక్కనున్న బాతుకు కూడా సంగతి తెలిసేది కాదు. పాపం, అంత అమాయకపు పిట్టలు!

అందుకే లంక పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. కుండ బోర్లించుకుని దిగినవాడు ఒక్క బాతునే తేవాలి. రెండోదాని మీద చెయ్యి వెయ్యకూడదు.

నాంచారయ్యకు ఆడపిల్ల పుట్టి పది రోజులైంది. మర్నాడే పురుడు, పేరు పెట్టే వేడుక. పిల్లకింకా పేరు పెట్టలేదు.

"ఒక్కటి పట్రా మావా. పులుసు కాచుకుంటే చాలు, ఒంట్లోకి కాస్త సత్తువొస్తది" అంది భార్య దాలమ్మ.

"ఒక్కటేంటే పిచ్చిదానా! రేపు మన విందుకి లంకంతా నోరెళ్లబెట్టాల" అనుకున్నాడు నాంచారయ్య.

ఆ పొద్దు ఒకటి పట్టాడు. ఇంకొకటి పట్టాడు. చూస్తుండగానే తొమ్మిదయ్యాయి. 'ఎవరు చూశారు గనక? కుండ చెప్పదు, బురద అసలే చెప్పదు' అనుకుని బుట్ట భుజానికెత్తుకున్నాడు. కుండ నెత్తినే ఉంది. పాదాలు మునిగే నీళ్లలోకి వచ్చాడు. గట్టు ఇంకో రెండొందల అడుగులుంది.

అంతలో కాలు రాలేదు.

లాగాడు. రాలేదు. రెండో కాలు ఊతం చేసుకుని లాగితే, అదీ దిగిపోయింది. మోకాళ్లు పోయాయి, తొడలు పోయాయి, నడుము దాకా బురదే.

"ఎవర్రా అది? నా కాళ్లెవరు పట్టుకుంది?" అని అరిచాడు. అరుపు కుండలోనే తిరిగి తన చెవుల్లోనే పడింది.

"నేనే, నాంచారయ్యా" అంది ఒక గొంతు.

అది గాలిలోంచి రాలేదు. అరికాళ్లలోంచి ఎముకల వెంట పాకి, కుండలోకొచ్చి మోగింది. అతని పాదాల కింద ఏదో వెచ్చగా కదిలింది. తూటి మొక్కల వేళ్లు, నత్తలు, చేప గుడ్లు, నిరుడు రాలిన గింజలు, అన్నీ కాళ్లకు తగులుతున్నాయి. అన్నీ బతికే ఉన్నాయి. ఇంత పెద్ద కొల్లేరు ఈ బురద ఒళ్లో కూర్చుని ఉందని అతనికి అప్పుడు తెలిసింది.

"మీ తాత నడిచినప్పుడు నేను చప్పుడు చెయ్యలేదు. మీ నాన్న నడిచినప్పుడూ చెయ్యలేదు" అంది బురద. "ఒక్క బాతే కదా, ఆకలి కదా అని ఊరుకున్నాను. ఈ తొమ్మిదీ ఎవరి ఆకలికిరా?"

నాంచారయ్య పెనుగులాడాడు. గుండెల దాకా దిగాడు.

"తల్లీ, నా బిడ్డనింకా పేరెట్టి పిలవనైనా లేదు. నన్నొదులు తల్లీ!"

"బుట్ట మూత తియ్యి."

నాంచారయ్య మూత కాస్త ఎత్తి ఒక బాతును వదిలాడు. బురద ఒక జానెడు సడలింది. ఇంకొకటి వదిలాడు. ఇంకో జానెడు. అలా ఎనిమిదీ ఎగిరిపోయాయి. తొమ్మిదోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇంటి దగ్గర దాలమ్మ పొయ్యి రాజేసి కూర్చుని ఉంటుంది. అతనికి ఏడుపొచ్చింది. అయినా కళ్లు మూసుకుని మూత పూర్తిగా తీసేశాడు.

"ఆగరా. అది నీ ఇంట్లో బాలింత వాటా. పట్టుకుపో" అంది బురద. "కానీ ఇంక మాత్రం నేను నోరు మూసుకుని ఉండను."

నాంచారయ్య కాలు పైకి లాగాడు.

బుళుక్!

కొల్లేరంతా వినబడింది. ఆ చప్పుడుకు పరజలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఒక్కసారి లేచాయి. వందలా, వేలా, ఎవరు చెప్పగలరు? పొద్దు కనబడలేదు. రెక్కల గాలికి నీళ్లు గట్టు దాకా ముడతలు పడ్డాయి. నాంచారయ్య నెత్తిన కుండ తీసేశాడు. ఇన్నేళ్లూ రెండు కన్నాల్లోంచి రెండేసి బాతుల్నే చూసినవాడు, ఆ రోజు ఆకాశం నిండా చూశాడు. బురదలో నిలబడే రెండు చేతులూ జోడించాడు.

"ఏంటి మావా, అలా ఉన్నావ్?" అంది దాలమ్మ, ఇంటి గుమ్మంలో అతని చేతిలోంచి బాతును అందుకుంటూ.

"బురద తల్లి ఒకటిచ్చింది" అన్నాడు. పిల్లను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పటినుంచే బురదలో దిగినవాడి కాలును బురద గట్టిగా పట్టుకుంటుంది. బుట్టలో ఏముందో కనుక్కున్నట్టు కాసేపు ఆపి, 'బుళుక్' అని బాతులన్నిటికీ చెప్పాకే వదులుతుంది.