నూకరత్నం అడ్డసరం కంచె

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే కాపురముందని నూకరత్నం నమ్మకం. ఉండదూ మరి? బుర్ర వాడమన్నారని ఆమె మొగుడు బుల్లెబ్బాయి కొబ్బరికాయలు కూడా నుదుటితోనే కొట్టేవాడు.

అలాంటి వాళ్ళ పెరట్లో పక్కింటి మేక దూరి చిక్కుడుపాదు మేసేస్తోంది. నూకరత్నానికి ఆ పాదంటే ప్రాణం. పరుగున నర్సరీ పాపారావు దగ్గరికెళ్ళింది.

"కంచెగా అడ్డసరం కొమ్మలు నాటండమ్మా," అన్నాడు పాపారావు. "పెద్దగా చాకిరీ ఉండదు. ఆకు చేదు, మేక మూతి పెట్టదు. ఇంటిచుట్టూ సందు లేకుండా నాటండి. వేళ్ళు పట్టేదాకా నీళ్ళు పొయ్యండి. ఆ తర్వాత ఇంక చూడక్కర్లేదు."

అంతే! పొయ్యి మీద ఎసట్లో బియ్యం పోసొచ్చి, మొగుడూ పెళ్ళాం బయట నిలబడి ఇంటిచుట్టూ జానెడేసి కొమ్మలు గుచ్చేశారు. ఎక్కడా సందు లేదు. ఇద్దరూ బయటే.

"మావా, వేళ్ళు పట్టాలన్నాడు!"

ఒక్కో కొమ్మనీ వేళ్ళతో గట్టిగా పట్టుకుని వదిలారు.

"పట్టేశాయి! ఇంక నీళ్ళక్కర్లేదు, చూడక్కర్లేదు," అన్నాడు బుల్లెబ్బాయి. ఇంకేముంది, ఇద్దరూ కళ్ళు మూసుకు కూర్చున్నారు.

కాసేపటికి పెరట్లో కరకరమని చప్పుడు.

"మేకేమో మావా!"

"మేక మూతి పెట్టదన్నాడు కదే. ఇది ఇంకేదో."

అంతలో మాడువాసన. నూకరత్నం ముక్కెగబీల్చింది. "అయ్యో, అన్నం! లోపలికెళ్ళు మావా!"

"ఎలా వెళ్ళనే? మేకే దాటలేని కంచె, మనవెంత?"

ఆమె కళ్ళు తెరవకుండానే బావురుమంది. ఆ ఏడుపు విని, అటుగా పోతున్న పాపారావు ఆగాడు. జానెడు కొమ్మల లోపల మేక, బయట వీళ్ళు.

"ముందు కళ్ళు తెరవండి తల్లీ! గుమ్మం ఎదురుగా నాలుగు కొమ్మలు పీకితే అదే దారి!"

పీకారు. పాపారావు మేకని తరిమాడు. నూకరత్నం లోపలికి పరిగెత్తింది. అన్నం బొగ్గయింది. పాదుకి ఒక్క ఆకు లేదు.

"మొదలుంది కదమ్మా, మళ్ళీ చిగురిస్తుంది," అని పాపారావు ఓదార్చాడు. "ఇదిగో, కంచె గుబురుగా రావాలంటే అప్పుడప్పుడూ తలలు కత్తిరించుకోండి. దారికి మాత్రం ఇప్పుడే తడిక కట్టుకోండి. లేకపోతే మేక మళ్ళీ వస్తుంది."

అతను వెళ్ళగానే కత్తెర తీసి ఒకరి తల ఒకరు కత్తిరించుకున్నారు. బుల్లెబ్బాయి తడిక తెచ్చి, పంచె మీదే నడుముకి చుట్టి తాడు బిగించాడు.

నూకరత్నం మూతి ముడిచింది. "నువ్వొక్కడివే కట్టుకుంటావేం? కట్టుకోండి అన్నాడు. అంటే ఇద్దరం!"

నిజమే కదా అని బుల్లెబ్బాయి తడికని రెండు ముక్కలు చేశాడు. ఇద్దరూ చెరో ముక్కా కట్టుకుని, ఊరందరికీ చూపించుకోవాలని ముచ్చటగా బజారుకి బయల్దేరారు.

ఎదురొచ్చిన మేక పక్కకి తప్పుకుని వాళ్ళకి దారిచ్చి, తిన్నగా లోపలికెళ్ళింది.