నింద మోసిన సొరతల్లి

అమ్మలారా, అయ్యలారా, ఇసుక కాలుతోంది, ఈ పాక నీడలోకి రండి. ఎదురుగా సొరచేప ఆకారంలో ఉన్న నల్లరాయే మన సొరతల్లి. "మనుషుల్ని తినే చేపకు గుడేమిటి?" అంటూ దూరంగా నిలబడే దండం పెట్టేవారూ ఉన్నారు. తల్లి కోప్పడదు.

పూర్వం ఇక్కడ ఎర్రయ్య అనే జాలరి వేటకు వెళ్లి మూడు రోజులైనా తిరిగి రాలేదు. నాలుగవనాటి ఉదయం ఒక పెద్ద సొర ఒడ్డు దగ్గరే తిరుగుతూ కనిపించింది. ఎంతకీ లోతుకు పోదు. ఊరికి అనుమానం పుట్టింది.

"దాని పొట్ట సూడండ్రా! ఎర్రిగాడు లోపలే ఉన్నాడు" అన్నాడు కులపెద్ద పోలయ్య.

"ఆడు బక్కోడు కదా మావా, అంత పొట్ట ఎలాగొస్తాది?" అన్నాడొకడు.

"అయితే ఇంకెవుడ్ని మింగిందో!"

ఎర్రయ్య భార్య దానమ్మ కోరినది ఒక్కటే: భర్త ఎముకైనా దొరికితే మట్టి చేసుకోవాలని. "కొయ్యండి మావా. నా మనిషిని నాకిచ్చీండి" అన్నది.

వలలు వేసి సొరను ఒడ్డుకు లాగారు. పోలయ్యే కత్తి పెట్టాడు. కడుపులో మనిషి లేడు. ఉన్నవి పిల్లలు, పదకొండు, ఇంకా కదులుతున్నాయి. ఈనడానికి ఒడ్డు చేరిన తల్లి అది.

దానమ్మ వాటిని కొంగులో ఎత్తుకుని నీళ్లలో విడిచింది. "పెరిగాక మనల్నే తింటాయే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆ సాయంత్రమే దక్షిణపు ఒడ్డు వెంట ఎర్రయ్య నడిచి వచ్చాడు. తెరచాప చిరిగి పడవ పరాయి ఊరికి కొట్టుకుపోయిందట. జనాన్ని తోసుకుని చూసి, "ఏటి సేసిందని సంపినారు?" అని అడిగాడు.

సొరను ఒడ్డునే పూడ్చారు. మరునాటి మధ్యాహ్నం వల బాగుచేస్తూ కునికిన దానమ్మకు గంగమ్మ కలలో కనిపించి, "పూడ్చిన చోట రాయి నిలపండి. దానిని ప్రేమించమని నేనడగను. చూడని నేరం మాత్రం మోపవద్దు" అని ఆనతిచ్చింది.

నేటికీ ఈ ఊరివారి వలలో సొర పడితే వల కోసి వదిలేస్తారు. కోసే కత్తి పట్టవలసినది పోలయ్య వంశంవారే. నిజం చెబుతున్నాను, వారికి నమ్మకం ఇంకా కుదరలేదు. కాళ్లు పడవలోకి లాక్కుని, "పో తల్లీ, ఇటు రాకు" అని తిట్టినట్టే దండం పెడతారు. తల్లి ఆ దండమూ అందుకుంటుంది.

చేయని తప్పుకు మాటపడ్డవారు ఇక్కడ ఒక వలపోగు కడితే నింద తొలగుతుంది. నింద వేసినవారూ రావచ్చు. వారిని తల్లి ఎండలో కాస్త ఎక్కువసేపు నిలబెడుతుంది, అంతే.