కిర్రుగంటలమ్మకు కొయ్యగంట

యానానికి కూతవేటు దూరంలో, గోదావరి గట్టు మీద చిలకలంక అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడ వెలసిన కిర్రుగంటలమ్మ గుడికి కొత్తగా వచ్చినవారు గుమ్మంలో చేయి పైకెత్తి తడుముకుంటారు. గంట తగలదు! ఈ సన్నిధిలో కంచుగంట లేదు, ఇత్తడిగంట లేదు. గుమ్మం పక్కన తుమ్మకొయ్య పిడి, దానికొక పళ్ళచక్రం, ఆ పళ్ళ మీద ఆనుకొని ఒక చెక్కబద్ద ఉంటాయి. పిడి పట్టి గిరగిర తిప్పితే గట్టంతా అదిరేటట్టు కటకటలాడుతుంది. చంకలోని పసివాళ్ళు ఉలిక్కిపడి, ఆ వెంటనే నవ్వుతారు. అమ్మకు ఆ చప్పుడే ప్రీతి.

పూర్వం ఇక్కడ ఫ్రెంచివారి ఏలుబడిలో ఊరంతా తాటాకు ఇళ్ళే. వేసవిలో పడమటి గాలి రేగితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఏ ఇల్లంటుకున్నా చర్చిగంట కొట్టాలని, అది వినగానే ఎక్కడివారక్కడ కుండ పట్టుకొని పరుగెత్తి రావాలని ఊరి కట్టుబాటు. ఏ దేవుణ్ణి కొలిచేవారైనా ఆ గంటకు లేచేవారు.

ఆ ఊరి వడ్రంగి లింగాచారి. పనిలో దిట్ట, మనిషి అమాయకుడు. ఒక ఏడు ఈస్టరుకు ముందు గురువారం ఉదయం, కొత్తగా వచ్చిన పాదిరిగారు ఆయనను పిలిపించి గంట నాలుక ఊడదీయమన్నారు. గురువారం మొదలు ఈస్టరు దాకా గంట మోగకపోవడం తమ దేశపు ఆచారమట. ఆ రోజులలో గంటలన్నీ రోమాపురికి ఎగిరిపోతాయట! తిరిగి వస్తూ పిల్లల కోసం పెరళ్ళలో గుడ్లూ మిఠాయిలూ రాల్చిపోతాయట! లింగాచారి నోరు తెరుచుకొని గోపురం వైపు చూశాడు.

"గంట ఇక్కడే ఏలాడతా ఉందిగదండీ, పాదిరిగారూ?"

"అందుకే ఆచారిగారూ, ఈ మూడు రోజులూ మావాళ్ళు తల ఎత్తి చూడరు," అని పాదిరిగారు నవ్వారు.

లింగాచారి నాలుక ఊడదీశాడు. పాదిరిగారు దానిని పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. గంటకు బదులుగా వారి దేశంలో పిడి పట్టి తిప్పే కొయ్య కిర్రుగంట ఒకటి చూపించారు. అది చెదలు తిన్నది. అటువంటిదే కొత్తది లింగాచారి చేత చేయించుకొని ఎంతో సంబరపడ్డారు.

ఆ మధ్యాహ్నం లింగాచారి చెక్కపొట్టు మీద కునుకు తీస్తుండగా గట్టు మీది అమ్మ కలలో కనిపించింది. అప్పటికి అమ్మకు గుడి లేదు, పసుపు పూసిన రాయి మాత్రమే. "నాకూ ఒకటి చెయ్యరా. చేవగల తుమ్మతో చెయ్యి. రేపటికి ఉండాలి," అన్నది. ఆయన దిగ్గున లేచి, పొద్దు గుంకేలోగా చేసి రాతి పక్కన నాటి వచ్చాడు. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

"అమ్మోరికి గంట కడతారు గానీ, కప్పల బెకబెక కడతారా?" అని భార్య వీరమ్మ తలకొట్టుకున్నది.

మరునాడు శుక్రవారం, మిట్టమధ్యాహ్నం. జనమంతా ఏటి ఇసుకలో దోసపాదులకు నీళ్ళు పోస్తున్నారు. పాదిరిగారు తమ కిర్రుగంటతో, తాళంచెవితో రేవు దగ్గర ప్రార్థనలో ఉన్నారు. పురిటికి వచ్చిన లింగాచారి కూతురు భ్రమరాంబ ఇంట్లో నొప్పులు పడుతున్నది. అప్పుడు పడమటి వరుసలో తొలి ఇల్లంటుకున్నది! నాలుగో ఇల్లు ఆయనదే.

లింగాచారి ఒక్క పరుగున చర్చికి పోయి మోకు లాగాడు. గంట ఊగింది, పలకలేదు. తన చేతులతో తానే ఊరి నోరు నొక్కాడు! అంతలో అమ్మ మాట గుర్తుకు వచ్చింది. గట్టెక్కి, రెండు చేతులతో కొయ్యగంట పట్టి తిప్పాడు. తుమ్మచేవ ఉరిమినట్టు మోగింది! ఇసుకలోనివారు మొదట నవ్వారు. ఎంతకీ ఆపడేమని తల ఎత్తి చూస్తే వెనుక నల్లటి పొగ. నీటికుండలు వారి చేతుల్లోనే ఉన్నాయి! అలాగే పరుగెత్తుకొచ్చారు. పాదిరిగారు అంగీ ఎగదోపి, భ్రమరాంబ మంచానికి ఒక కోడు తామే పట్టి, గట్టెక్కించి అమ్మ ముందు దించారు. మూడిళ్ళు కాలాయి. నాలుగోది నిలిచింది.

మంటలు ఆరినా లింగాచారి చేయి ఆగలేదు. వీరమ్మ వచ్చి మణికట్టు పట్టుకున్నది.

"ఇంక ఆపయ్యా. మనవరాలు ఏడుత్తంది, ఇననియ్యి."

చక్రం ఆగింది. అప్పుడు విన్నాడు. విని, బిడ్డతో సమానంగా ఏడ్చాడు.

నాటి నుండి గట్టు మీది అమ్మ కిర్రుగంటలమ్మ అయినది. నిండుచూలాలు నేటికీ మూడు చుట్లు తిప్పి, అరచేత చక్రం ఆపి, ఒక్క క్షణం చెవి ఒగ్గి నిలబడుతుంది. ఈస్టరు ముందు గురువారం చర్చివారు మేళంతో వచ్చి కొయ్యగంటను తీసుకుపోతారు. ఆదివారం గుడ్లూ మిఠాయిలూ నిండిన బుట్టతో తెచ్చి అప్పగిస్తారు. గంట రోమాపురికి వెళ్ళిందని పిల్లలకు అమ్మ పూజారే చెబుతాడు.

ఈ కథ విన్నవారికి ఆపదలో పిలిస్తే పలికే మనిషి దొరుకుతాడని పెద్దల మాట. ఆ మూడు రోజులలో వచ్చే యాత్రికులకు ఒక్క మనవి. పిల్లలు పక్కనుంటే చర్చిగోపురం వైపు చూడకండి.