కోటగుమ్మంలో నీటి వంతుల కోడ్

"శుక్రవారంలోగా బయట పెట్టెయ్యండి" అని కుమారభూపతి మహారాజు అన్నప్పుడు హైమకి ఏమీ అనిపించలేదు. "ఎవరు పెడతారు?" అని అడగ్గానే సభలోని అధికారులంతా ఒక్కడుగు వెనక్కేశారు చూడండి, అప్పుడు పడింది గుండెల్లో రాయి. చదువై ఆర్నెల్లు, కొలువులో చేరి నాలుగు రోజులు. వెనక్కి అడుగు ఎప్పుడెయ్యాలో ఇంకా ఎవరూ నేర్పలేదు. ముందు ఆమె ఒక్కతే మిగిలింది.

సంగతేమిటంటే, సిరివాక రాజ్యంలో ఏ పొలానికి ఏ రోజు కాలవ నీళ్లు వదలాలో లెక్కకట్టేది ఒక సాఫ్ట్‌వేర్. పక్క రాజ్యం వాళ్లు "మాకూ ఇవ్వండి" అని కబురు పెట్టారు. దాంతో మన రాజుగారు ఉబ్బిపోయారు.

"వాళ్లకేంటి, లోకానికే ఇద్దాం! జనం పన్నులతో రాయించింది, జనమే చదువుకుంటారు. ఓపెన్ సోర్స్ చేసెయ్యండి!"

పెద్ద యంత్రాధికారి విరూపాక్షయ్యగారు మీసం దువ్వుకుంటూ లేచారు.

"ప్రభూ, ఇంటి తాళం గుట్టు ఎవరైనా వీధిలో చెప్పుకుంటారా? ముందు కోడ్ శుభ్రం చెయ్యాలి. దానికే మూడేళ్లు కావాలి."

"శుక్రవారం" అన్నారు రాజుగారు. "అమ్మాయ్, అప్పటికి కోడ్ బయటికి రాకపోతే నీ కొలువు పోతుంది. వచ్చాక దొంగ ఒక్కడు దూరినా ఖైదులో ఉంటావు."

హైమ వెళ్లి కోడ్ తెరిచింది. రాజ్యంలో అరవై రెండు తూములుంటే, అరవై రెండింటినీ తెరిచే పాస్‌వర్డ్‌లు కోడ్ మధ్యలోనే రాసున్నాయి. పక్కన ఒక మాట: "ఇది తాత్కాలికం. రేపు మార్చాలి." రాసి పదకొండేళ్లయింది.

ఇంకాస్త కిందికెళ్తే మరో వరుస: "పెద్దగారి మామిడితోటకి ముందు వదలాలి. తర్వాతే మిగతావాళ్లకి."

ఆ పెద్దగారు ఎవరో కొలువులో చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు. కోడ్‌లో చెయ్యి పెట్టే అధికారం కూడా ఆ పెద్దగారొక్కరికే ఉంది. హైమ ఆయన దగ్గరికే వెళ్లింది.

"అయ్యగారూ, పాస్‌వర్డ్‌లు మార్చి, కోడ్‌లోంచి తీసేయించండి."

"ఎవరికీ కనపడని చెత్త చెత్త కాదమ్మడూ" అన్నారు విరూపాక్షయ్యగారు తమలపాకు మడుస్తూ. "సరే, ఫైలు పెట్టు. రెండు కమిటీలు చూడాలి, ఏడుగురు సంతకం చెయ్యాలి."

"ఎన్నాళ్లండీ?"

"చెప్పాగా, మూడేళ్లు. మరీ తొందరంటే రెండేళ్ల పదకొండు నెలలు."

శుక్రవారం పొద్దున కోటగుమ్మంలో హైమ ఇంత పెద్ద తెర పెట్టించింది. దాని మీద ఎర్ర పరదా. ఊరంతా దండోరా.

"అహో! సాయంత్రం నాలుక్కి రాజుగారి ముందు పరదా తీస్తాం! నీటి వంతుల సాఫ్ట్‌వేర్‌లో ఏముందో అందరూ చూడొచ్చహో!"

విరూపాక్షయ్యగారు ఉత్తరీయం జారిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తుకొచ్చారు.

"పిల్లా! పాస్‌వర్డ్‌లు తీశావా?"

"నాకు అధికారం లేదు కదండీ."

"మరి ఆ... తోట సంగతి?"

"ఏ తోటండీ?"

ఆయన వచ్చిన దారినే పరుగు. ఆ పూట కచేరీలో ఎవరికీ భోజనం లేదు. రెండు కమిటీలూ నడవలోనే కూడాయి. ఒకరి వీపు మీద కాగితం పెట్టి ఇంకొకరు సంతకాలు చేశారు.

హైమ మాత్రం గుమ్మంలో గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. ఆయన పని సగంలో వదిలేస్తే? నాలుక్కి చూపించడానికి ఏమీ ఉండదు. మూటాముల్లె సర్దుకోవడమే.

నాలుగైంది. రైతులొచ్చారు, రాజుగారొచ్చారు. విరూపాక్షయ్యగారు చెమట తుడుచుకుని, మళ్లీ మీసం దువ్వారు.

"తియ్యమ్మా పరదా! మా కోడ్‌లో దాచుకోడానికేముంది!"

హైమ తీసింది. తెర మీద కోడ్ లేదు. ఒక జాబితా ఉంది. ముందు వరసలో ఉన్న రైతు గట్టిగా చదివాడు.

"ఒంటిగంట. రాళ్లతూము పాస్‌వర్డ్ మారింది. మార్చినవారు, విరూపాక్షయ్య. రెండున్నర. 'పెద్దగారి మామిడితోటకి ముందు వదలాలి' అన్న వరుస కొట్టేశారు. కొట్టేసినవారు..."

ఆ పేరు జనమే పూర్తిచేశారు.

"ఇదేంటమ్మాయ్? కోడేది?" అన్నారు రాజుగారు.

"ఎవరు ఏ అక్షరం మార్చినా ఈ సాఫ్ట్‌వేర్ పేరుతో సహా రాసుకుంటుంది మహారాజా. పొద్దుటిదాకా కోడ్ బయట పెట్టే స్థితిలో లేదు. అయ్యగారు మూడేళ్ల పని ఒక్క పూటలో చేసిపెట్టారు. ఇప్పుడు పెట్టొచ్చండి."

మొదట, నీళ్లు ఆఖర్న అందే కాలవ చివరి రైతులు నవ్వారు. తర్వాత రాజుగారు కిరీటం పట్టుకుని మరీ నవ్వారు.

"విరూపాక్షయ్యగారి తోటకి ఇక అందరి తర్వాతే నీళ్లు. ఆయన కుర్చీ ఈ అమ్మాయికి!"

హైమ మీట నొక్కింది. కోడ్ లోకం మీద పడింది. గంట తిరక్కుండా, కోడ్‌లో నాలుగొందల పన్నెండు తప్పులున్నాయని చదివినవాళ్ల దగ్గర్నుంచి కబుర్లొచ్చాయి. ఒకరు చెప్పిన సవరణకి ఇంకొకరు అడ్డం. కొత్త కుర్చీలో కూర్చున్న హైమ తల పట్టుకుని, కోటగుమ్మంలోని జనం వైపు తిరిగింది.

"బాబూ, చదివింది మీరే కదా. మీరే చెప్పండి, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"